నాణెం ఇచ్చే సాక్ష్యం

ఒక పాత వెండి నాణెం, దాన్ని అచ్చుగుద్దినట్టు పోలిన మరో నాణెం పక్కపక్కన ఉన్నాయనుకుందాం. బరువు ఒకటే, లోహం ఒకటే, ముద్రలు ఒకటే, అరుగుదల కూడా ఒకటే. మొదటిది రెండు వేల ఏళ్ల కిందట ఏదో టంకశాలలో తయారైంది. రెండోది పోయిన నెలలో ఎవరి పెరట్లోనో తయారైంది. కంటికీ చేతికీ త్రాసుకీ తేడా అందనప్పుడు మొదటిది అసలుదని, రెండోది నకిలీ అని అనడానికి ఆధారమేమిటి? ఇది నాణేలు సేకరించేవాళ్ల సొంత గొడవలా కనిపించవచ్చు. నిజానికి మన దార్శనికులు వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్న ఇందులో ఉంది. నిజమనేది వస్తువులోనే ఉంటుందా? ఒక జ్ఞానం సరైనదని ముందే ఒప్పుకోవాలా, పరీక్షించాకే ఒప్పుకోవాలా? పాత నాణెం అసలుతనం దాని రూపంలోనో లోహంలోనో లేదని, తన పుట్టుక గురించి అది చెప్పే మాట నిజం కావడంలో ఉందని ఈ వ్యాసంలో నా వాదం. ఆ పుట్టుకను ఇవాళ ఎవరూ కళ్లతో చూడలేరు. ఆనవాళ్లను బట్టి అనుమాన ప్రమాణంతో తెలుసుకోవలసిందే. కాబట్టి పరీక్ష కొనేవాడి జాగ్రత్తగా మొదలైనా, అక్కడితో ఆగదు. సత్యం పట్ల మన బాధ్యత అవుతుంది.

ఈ సంగతిని బుద్ధఘోషుడి కన్నా సూటిగా చెప్పినవాళ్లు అరుదు. అయిదో శతాబ్దంలో సింహళంలోని అనురాధపురంలో ఆయన రాసిన విసుద్ధిమగ్గంలో సంజ్ఞకు, విజ్ఞానానికి, ప్రజ్ఞకు ఉన్న తేడా చెప్పడానికి నాణేల కుప్పనే ఎంచుకున్నాడు. షరాబు పలక మీద నాణేలు పోసి ఉన్నాయి. ఊహ తెలియని పిల్లవాడికి వాటి రంగు, ఆకారం తప్ప మరేమీ పట్టవు. పల్లెటూరి మనిషికి అవి విలువైనవని, వాటితో సరుకులు కొనుక్కోవచ్చని తెలుసు. ఏది మంచిదో, ఏది చెల్లనిదో, ఏది సగం కల్తీయో తెలియదు. షరాబుకు అన్నీ తెలుసు. చూసి, మోగించి, వాసన పట్టి, నాలుకకు తగిలించి, చేత్తో బరువు చూసి తెలుసుకుంటాడు. ఇక్కడితో ఆగినా మంచి ఉపమానమే అయ్యేది. బుద్ధఘోషుడు ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ నాణెం ఏ ఊళ్లో, ఏ పట్నంలో, ఏ కొండ పక్కన, ఏ ఏటి ఒడ్డున, ఏ పనివాడి చేతిలో తయారైందో కూడా షరాబు ఎరుగుదునంటాడని, ప్రజ్ఞ అంటే అలాంటిదని చెప్పాడు. అయిదు ఇంద్రియాలూ చేసిన పని చివరికి ఎక్కడికి చేరిందో గమనించాలి. నాణెం పుట్టిన చోటుకి, దాన్ని చేసిన చేతికి. పిల్లవాడు, పల్లెటూరివాడు, షరాబు చూస్తున్నది ఒకే నాణేన్ని. ఒక్క షరాబే దాని చరిత్ర దాకా వెళ్తున్నాడు.

ఆ మెట్టుకు అడ్డదారి లేదు. లోహం మంచిదైతే నాణెం మంచిదేనని మామూలుగా అనుకుంటాం. అర్థశాస్త్రం చదివితే ఆ నమ్మకం నిలవదు. వెండి పణం ఎలా చేయించాలో చెబుతూ కౌటిల్యుడు అందులో నాలుగో వంతు రాగి, ఆపైన ఒక మాషం ఎత్తు ఇనుమో తగరమో సీసమో కలపమన్నాడు. పదహారు మాషాల్లో వెండి పదకొండే. అలాంటప్పుడు మౌర్యుల కాలపు విద్ధాంక (ముద్రలు గుద్దిన) నాణెం అని చెప్పి అమ్మేదాంట్లో నేటి శుద్ధి కర్మాగారం నుంచి వచ్చిన మేలిమి వెండి కనిపిస్తే, ఆ శుద్ధతే దాన్ని పట్టిస్తుంది. ఎక్స్‌రే పరీక్షలో నిపుణులు కల్తీ కోసం ఎంత వెతుకుతారో, ఉండవలసిన మలినాల కోసం కూడా అంతే వెతుకుతారు. రెండో నమ్మకం, పోతపోసినదైతే నకిలీ అన్నది. సుత్తి దెబ్బతో అచ్చొత్తిన రోమన్ దీనారాల విషయంలో ఇది చాలావరకు నిజం. కానీ మన దేశంలో పోత పోయడం కూడా టంకశాలలు వాడిన పద్ధతే. రోహ్‌తక్ దగ్గర దొరికిన యౌధేయులనే ప్రాచీన గణం వాడిన మట్టి మూసల మీద బీర్బల్ సాహ్ని 1945లో ఒక గ్రంథమే రాశాడు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు నాణేల మూసలూ బయటపడ్డాయి. రుజువు చేయదలచినది (సాధ్యం) ఉన్నచోటా, లేనిచోటా కూడా కనబడే హేతువు దేన్నీ రుజువు చేయలేదని, అది సవ్యభిచారమనే హేత్వాభాసమని న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు అన్నారు. ఏ రాజ్యం, ఏ కాలం, ఏ రకం నాణెం అనేది తెలియకుండా వాడే గుర్తులన్నీ ఆ కోవలోకే వస్తాయి.

అలాగని గుర్తులన్నీ జారిపోయేవి కావు. చేత్తో అచ్చొత్తిన నాణేన్ని దగ్గరగా చూడండి. వేడి చేసిన లోహపు బిళ్లను కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చు ఆనించి, సుత్తితో కొట్టారు. ప్రతి దెబ్బా వేరు. ఒకదాంట్లో బొమ్మ పక్కకు జరిగి రెండు అక్షరాలు అంచు అవతల పడిపోతాయి, ఇంకోదాంట్లో అంచు చిట్లుతుంది. అందుచేత ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేలకు బొమ్మ కలుస్తుంది గానీ ప్రమాదాలు కలవవు. అదే చోట అదే గీత, అదే చిట్లు, అంతే జరిగిన బొమ్మ రెండింటిలో కనిపించాయంటే రెండూ ఒకే మూసలో పోసినవై ఉండాలి, లేదా ఒకదాన్ని చూసి ఇంకొకటి పోసి ఉండాలి. ఇక్కడ నకిలీని పట్టించేది తేడా కాదు, పోలికే. భూతద్దం కింద పోతపోసిన నాణెం మీద గాలి బుడగలు వదిలిన సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరాల అంచులు, చుట్టూ ఆకురాయితో రాసేసిన అతుకు కనిపిస్తాయి. ఇక చిలుము సంగతి. శతాబ్దాలు మట్టిలో ఉన్న రాగి నాణెం మీద పచ్చపొర కింద తరచు ఎర్రపొర ఉంటుంది, అది లోహంలోకి దిగి ఉంటుంది. పూసిన పచ్చదనం సూదిమొనకు పెచ్చుగా లేచిపోతుంది. అరుగుదల కూడా మాట్లాడుతుంది. తక్షశిలలో దొరికిన విద్ధాంక నాణేలను గణితవేత్త డి.డి. కోశాంబి ఒక్కొక్కటే తూచి, వెనకవైపు చిన్న ముద్రలు ఎక్కువయ్యేకొద్దీ సగటు బరువు తగ్గుతున్నదని చూపించాడు. చేతులు మారిన కాలం గ్రాముల లెక్కకు వచ్చింది. ఈ గుర్తులన్నింటికీ పోలిక ఒకటుంది. దెబ్బ, వాడకం, మట్టి అన్నవి నాణేనికి జరిగిన సంగతులు. రూపాన్ని అనుకరించడం తేలిక, జరిగినదాన్ని అనుకరించడం కష్టం.

అసలుతనం చరిత్రలో ఉందనడానికి రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. 1906లో నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తెంబి దగ్గర పదమూడు వేలకు పైగా వెండి నాణేల నిధి దొరికింది. అన్నీ క్షహరాత వంశపు రాజు నహపాణుడివే. వాటిలో మూడింట రెండు వంతుల నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్య చిహ్నాన్ని, ఉజ్జయినీ చిహ్నాన్ని మళ్లీ ముద్రించాడు. ఓడిన రాజు ముఖం, గ్రీకు అక్షరాలు కొత్త ముద్ర కింద నుంచి ఇంకా తొంగిచూస్తుంటాయి. ఇప్పుడు జర్మనీకి వెళ్దాం. 1772లో పుట్టి 1830లో పోయిన కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ పేరుమోసిన నకిలీ నాణేల తయారీదారు. వందల కొద్దీ అచ్చులు చెక్కి గ్రీకు, రోమన్ నాణేలను సుత్తితోనే కొట్టాడు. లోహం దొరికిపోకుండా కొన్నిసార్లు అరిగిపోయిన అసలైన పాత నాణేలనే బిళ్లలుగా వాడేవాడు. కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుపరజను ఉన్న పెట్టెలో వేసి, ఆ పెట్టెను గుర్రబ్బండికి కట్టి తిప్పేవాడని ప్రతీతి. చేత్తో జరిగిన పని చూస్తే గౌతమీపుత్రుడి టంకశాల, బెకర్ చేసింది ఒకటే: పాత నాణెం మీద కొత్త అచ్చు. అయినా ఒకటి చరిత్రకు దొరికిన అపురూప సాక్ష్యం, రెండోది మోసం. తేడా లోహంలో లేదు, పనితనంలో లేదు. గౌతమీపుత్రుడు తన కాలంలో తన పేరుతో మాట్లాడాడు. బెకర్ తనది కాని కాలం నుంచి, తనది కాని గొంతుతో మాట్లాడాడు.

నకలుకు, నకిలీకి మధ్య గీత కూడా ఇక్కడే పడుతుంది. పదహారో శతాబ్దంలో పాదువా నగరంలో జొవాన్ని కవీనో రోమన్ చక్రవర్తుల పెద్ద కంచు నాణేలను పోలిన పతకాలు చేశాడు. అవి ఆ కాలపు విద్వాంసుల అభిరుచి కోసం చేసినవేనని చాలామంది అభిప్రాయం. నేడు వాటిని కవీనో రచనలుగానే మ్యూజియంలు దాచుకుంటున్నాయి. తర్వాతి చేతుల్లో వాటిని రోము నాణేలుగా అమ్మినప్పుడే అవి అబద్ధమయ్యాయి. కొండాపూర్ లాంటి దక్కను పట్నాల్లో రోమన్ నాణేలను చూసి మట్టితో చేసిన బిళ్లలు దొరికాయి. చేసినవాళ్లు వాటిని రోము నుంచి వచ్చినవిగా నమ్మించాలని చేయలేదు, అలంకారంగా వేసుకోవడానికి చేసి ఉంటారు. అనుకరణ అయినా అవి నిజమైన ప్రాచీన వస్తువులే. అమెరికాలో 1973 నాటి చట్టం ప్రకారం నాణేల నమూనాల మీద అవి నకళ్లని చెప్పే మాట చెక్కి ఉండాలి. ఆ మాట ఉన్నంతకాలం ఆ బిళ్ల నిజాయతీ గల వస్తువు. ఎవడో ఆ అక్షరాలను ఆకురాయితో అరగదీసిన క్షణం నుంచి అది నకిలీ. తగ్గిన లోహం గోటి మీద నిలవదు, పోయింది మాత్రం సత్యం మొత్తం. నాణెం ఒక వాక్యం లాంటిదని ఒప్పుకుంటే ఇందులో వింత లేదు. వాక్యానికే నిజం, అబద్ధం అనే భేదం వర్తిస్తుంది.

ఇక్కడ బౌద్ధ తార్కికుల వైపు నుంచి బలమైన ఆక్షేపణ రావచ్చు. ఒక పని నెరవేర్చగలిగినదే పరమార్థంగా సత్తని ధర్మకీర్తి అన్నాడు. చూడడానికీ చదవడానికీ పిల్లలకు చూపించడానికీ అసలు నాణెం ఎంత పనికొస్తుందో మంచి నకలూ అంతే పనికొస్తే, మిగిలిన తేడా ఉత్త మమకారమే కదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. కానీ పాత నాణెం ఇవాళ చేసే పని ఏమిటన్నది ముందు తేల్చుకోవాలి. దానితో సరుకులు కొనే రోజులు పోయాయి. ఇప్పుడు దాని పని సాక్ష్యం చెప్పడం. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లున్న నాణేలు దొరికాయి. శాతవాహనులకు ముందు అక్కడ స్థానిక పాలకులు ఉండేవారని ప్రధానంగా ఆ చిన్న బిళ్లల వల్లే తెలిసింది. పురాణాల రాజవంశ జాబితాలో శాతవాహనుల మొదటి రాజుగా కనిపించే సిముకుడిని, అక్కడే దొరికిన చిముకుడి నాణేలతో చాలామంది పండితులు ముడిపెట్టారు. తెలుగు నేల తొలి చరిత్రలో ఒక అధ్యాయం వాటి మీద నిలబడి ఉంది. అలాంటి చోట ఒక్క నకిలీ నాణెం దూరితే ఎప్పుడూ లేని రాజు ఒకడు పుస్తకాల్లోకి ఎక్కుతాడు, జరగని యుద్ధం జరుగుతుంది. నకలు ఎంత బాగున్నా ఈ సాక్ష్యం ఇవ్వలేదు. కాబట్టి ధర్మకీర్తి కొలబద్దతో కొలిచినా రెండూ ఒకటి కావు. మోసం పట్టుబడకపోతే తేడా చెరిగిపోదు, దాని నష్టం ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది.

రెండో ఆక్షేపణ మీమాంసకులది. ప్రామాణ్యం స్వతస్సిద్ధమని, జ్ఞానం పుట్టగానే ప్రమాణమని, దోషం బయటపడినప్పుడే దాన్ని కొట్టివేయాలని కుమారిల భట్టు వాదించాడు. ప్రతిదాన్నీ ముందుగా పరీక్షించాలంటే ఆ పరీక్షను మళ్లీ పరీక్షించాలి, దానికి అంతుండదు. లోకవ్యవహారంలో ఇది చాలా పెద్ద నిజం. నమ్మకం లేకుండా ఒక పూట గడవదు. కానీ మీమాంసకుల వాదాన్ని చివరిదాకా చదివితే నాణేల విషయంలో అది మన వైపే మొగ్గుతుంది. వేదానికి కర్త లేడు కాబట్టి కర్తృదోషానికి అక్కడ చోటు లేదని వాళ్లు అన్నారు. మనుషుల మాటకు ఆ మినహాయింపు ఇవ్వలేదు. వక్తలో భ్రమ, అజాగ్రత్త, మోసబుద్ధి ఉండగలవని ఒప్పుకున్నారు. నాణెం ముమ్మాటికీ పౌరుషేయం, అంటే మనిషి చేసినది. పైగా దానికి ధర ఉంది, ధర ఉన్నచోట లోభం ఉంటుంది. దోషకారణం ఎదురుగా కనిపిస్తున్నప్పుడు విచారణ మొదలుపెట్టడం మీమాంస మర్యాదకే తగిన పని. ముత్యపు చిప్పలో వెండిని చూసే భ్రాంతి గురించి మన శాస్త్రాలు ఎంతో చర్చించాయి. అక్కడ చిప్పకు మోసగించే ఉద్దేశం లేదు. ఇక్కడ ఆ ఉద్దేశమే వస్తువును తయారుచేసింది. మొదటిదానికి ఒకసారి వంగి చూస్తే చాలు, రెండోదానికి క్రమమైన పరీక్ష కావాలి.

అయితే ఈ పరీక్షకు అంతెక్కడ? బెకర్ లాంటివాడు పాత లోహం మీద సుత్తితో కొట్టగలిగినప్పుడు, రేపటివాడు చిలుమును కూడా పుట్టించగలిగినప్పుడు, ఏ నాణేన్నైనా అసలుదని ఎలా అనగలం? దీనికి నైయాయికుడైన ఉదయనాచార్యుడి సమాధానం నాకు సరైనదిగా తోస్తుంది. సందేహానికి హద్దు మన ఆచరణే అన్నాడాయన. మరో నైయాయికుడు గంగేశుడు దాన్ని విప్పి చెప్పాడు: పొగకు నిప్పు కారణం కాదేమో అని శంకించేవాడు కూడా పొగ కావలసివస్తే నిప్పే రాజేస్తాడు. ఆచరణలో ఒప్పుకుంటున్నదాన్ని మాటల్లో శంకించడం తనను తాను కాదనుకోవడం. బరువు ఒక దారిన, లోహపు మలినాలు మరో దారిన, అచ్చు పోలికలు ఇంకో దారిన, చిలుము వేరే దారిన వచ్చి ఒకే చోట కలిసినప్పుడు, అవన్నీ కలిసి అబద్ధమాడుతున్నాయనడానికి ప్రత్యేకమైన కారణం చూపించాలి. వట్టి అనుమానం చాలదు. ఇలా తేల్చినది తిరుగులేనిదని కాదు. ట్రాన్సిల్వేనియాలో 1713లో దొరికాయని చెప్పే కొన్ని బంగారు నాణేల మీద స్పాన్సియన్ అనే చక్రవర్తి పేరుంది. చరిత్రలో మరెక్కడా అతని జాడ లేదు, నాణేలు పోతపోసినవి, పనితనం మోటు. పందొమ్మిదో శతాబ్దం నుంచి పండితులు వాటిని నకిలీ అని పక్కన పెట్టేశారు. గ్లాస్గో మ్యూజియంలో ఉన్న నాణేన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, వాడకం వల్ల పడిన గీతలు, చాలాకాలం మట్టిలో ఉంటేనే పేరుకునే ఖనిజాలు కనిపించాయని, అది ప్రాచీనమైనదేనని 2022లో ప్రకటించారు. నాణేల నిపుణుల్లో పలువురు ఒప్పుకోలేదు. ఆ వివాదం ప్రమాణాల ఓటమి అనుకోను. రెండు పక్షాలూ మా మనసుకు అలా తోచింది అనడం లేదు, ఆనవాళ్లు చూపించి వాదిస్తున్నాయి. తీర్పు మారగలదు, తీర్పు చెప్పే పద్ధతి మాత్రం నిలబడింది.

చివరి ఆక్షేపణ భక్తుల నుంచి వస్తుంది, దానికి సమాధానం మరింత గౌరవంగా చెప్పాలి. సీతారామ పట్టాభిషేకం ఒకవైపు ముద్రించిన రామటంకాలను ఎన్నో ఇళ్లలో పూజామందిరంలో పెట్టుకుంటారు. దేవుడికి అసలు, నకిలీ ఉంటాయా, భావం ముఖ్యం కదా అని అడిగితే, నిజమే. నిన్న పోసిన విగ్రహమైనా ప్రతిష్ఠ జరిగితే పూజార్హమే, ప్రాచీనత దానికి అవసరం లేదు. పూజాటంకంగా రామటంకం పూర్తిగా నిజం. కానీ దాన్నే త్రేతాయుగం నాటి నాణెమని అమ్మేవాడున్నాడు. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, హనుమంతుడి బొమ్మ ఉన్న అర్ధణాకు మహిమలున్నాయని లక్షలు చెప్పేవాడున్నాడు. కంపెనీ అలాంటి అర్ధణా ఎన్నడూ ముద్రించలేదు. దేవుడి బొమ్మ ఉండడం ఇక్కడ అభ్యంతరం కాదు, మద్రాసు పగోడాల మీద విష్ణుమూర్తి ఉండేవాడు. ఈ బిళ్ల చెప్పే పుట్టుక అబద్ధం, అదే అభ్యంతరం. రైస్ పుల్లింగ్ పేరుతో బియ్యపు గింజలను లాగే పాత్రలు, నాణేలు ఉన్నాయని నమ్మించి ఆంధ్రలో, తెలంగాణలో ఎందరి కష్టార్జితాన్నో ముఠాలు దోచుకున్నాయి. ఈ మోసాలన్నీ భక్తికి అక్కర్లేని ప్రాచీనతను భక్తికి అంటగట్టి బతుకుతున్నాయి. తన మాటను కూడా గౌరవంతో ఒప్పుకోవద్దని, కాల్చి, కోసి, గీటురాయి మీద గీసి బంగారాన్ని పరీక్షించినట్టు పరీక్షించాకే స్వీకరించమని బుద్ధుడు చెప్పినట్టుగా ఎనిమిదో శతాబ్దపు శాంతరక్షితుడు తత్త్వసంగ్రహంలో చేర్చాడు. పరీక్షను అపచారంగా భావించని శ్రద్ధ మన సంప్రదాయంలోనే ఉంది.

పుట్టుకే అసలుతనమైతే, నాణెం దొరికిన చోటును మించిన సాక్ష్యం లేదు. ఏ పొరలో, ఏ కుండ పెంకుల పక్కన, ఏ నాణేల నడుమ దొరికిందో నమోదైన బిళ్లకు బెకర్ ఎంత పనివాడైనా పోటీ రాలేడు. అందుకే పొలంలో దొరికిన లంకెబిందెను గుట్టుగా పంచుకుని కరిగించేవాడు చేసే హాని నకిలీ చేసేవాడు చేసే హానికి తీసిపోదు. ఒకడు అబద్ధపు సాక్షిని నిలబెడతాడు, ఇంకొకడు నిజమైన సాక్షి నోరు నొక్కేస్తాడు. నేలలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం, వందేళ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించరాదని 1972 నాటి చట్టం చెబుతున్నాయి. చట్టం పట్టుకోలేని చోట కూడా కొనేవాడు అడగగలిగిన ప్రశ్న ఒకటుంది: ఇది ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారి వచ్చింది? జవాబు లేని నాణేన్ని వదులుకోగలిగినవాడు తన డబ్బును కాపాడుకోవడంతో పాటు ఊరూపేరూ లేకుండా పోతున్న గతాన్ని కూడా కాపాడుతున్నాడు. ఇదే క్రమశిక్షణ నాణేల దగ్గర ఆగనక్కర్లేదు. ప్రాచీనమైనదని, పవిత్రమైనదని మన ముందుకు వచ్చే ప్రతి శాసనాన్ని, ప్రతి స్థలపురాణాన్ని, ప్రతి వంశగౌరవాన్ని నువ్వు ఎక్కడి నుంచి వచ్చావని అడిగే హక్కు మనకుంది. నిజమైన ప్రాచీనత ఆ ప్రశ్నకు భయపడదు, దానికి చెప్పుకోవడానికి చరిత్ర ఉంటుంది.